పాత్ర ఆటగానిది, లోకమెవరిది?

నలుగురైదుగురు మిత్రులు ఒక బల్లచుట్టు చేరుదురు. అందులో ఒకడు కథ నడుపువాడు. తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. రంగస్థలము లేదు, వేషభూషలు లేవు, ముందుగా వ్రాసియుంచిన సంభాషణలు లేవు. “ఎదుట ఇనుప తలుపు కలదు. లోపలినుండి గురక వినవచ్చుచున్నది. మీరేమి చేయుదురు?” అని కథానిర్వాహకుడు అడుగును. ఒకడు తలుపు బ్రద్దలుకొట్టెదననును. వేరొకడు చప్పుడు కాకుండ తాళము తీసెదననును. ఆ ప్రయత్నము ఫలించునో లేదో పాచికలు తేల్చును. రోల్ ప్లేయింగ్ గేమ్ అని పిలువబడు ఈ పాత్రధారణ క్రీడ సగము నాటకము, సగము పాచికలాట. అమెరికాలో అచ్చయి, కంప్యూటరు తెర మీదికెక్కి, నేడు మన విద్యార్థుల చేతులలోని ఫోనులకు కూడ చేరినది.

ఈ ఆటలో మొదటి పని పాత్రను కల్పించుకొనుట. పేరేమి, పుట్టుకయేమి, వృత్తియేమి, బలమెంత, బుద్ధియెంత అను ప్రశ్నలకు ఆటగాడు సమాధానములు చెప్పుకొని ఒక కాగితముపై వ్రాసికొనును. చిక్కంతయు ఇక్కడనే కలదు. పాత్ర ఆటగానిది. కాని ఆ పాత్ర తిరుగాడవలసిన లోకమును వేరొకరు ముందే కల్పించియుంచిరి. దానికొక చరిత్ర, దేవతలు, జాతులు, యుద్ధములు, శాపములు కలవు. ఆ సామగ్రినంతటిని ‘లోర్’ అందురు, మనము లోకపురాణమనుకొనవచ్చును. ఆటగాడు కోరిన పాత్రను ఆ పురాణము ఒప్పుకొనకపోయినచో ఎవరి మాట చెల్లవలెను? యాబదేండ్లుగా తెగని వ్యాజ్యమిది.

1974లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా అను చిన్న పట్టణమునుండి టి.ఎస్.ఆర్. అను సంస్థ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను మూడు చిన్న పుస్తకములుగా పెట్టెలో పెట్టి వెలువరించినది. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాని కర్తలు. ఈ తరగతి ఆటలలో అచ్చయి అమ్మకమునకు వచ్చినవానిలో మొదటిది ఇదియే. అందు వృత్తులు మూడే: యోధుడు, మాంత్రికుడు, అర్చకుడు. మానవుడు ఏ వృత్తినైనను చేపట్టవచ్చును. డ్వార్ఫులనబడు పొట్టిజాతివారు మాత్రము యోధులే కావలెను. అదియు ఆరవ మెట్టు దాటరాదు. హాబిట్లకు నాలుగవ మెట్టుతో సరి. అయితే అదే పుస్తకమున ఒక చిన్న పేరా కలదు. ఆటగాడు దాదాపు దేనినైనను పాత్రగా గ్రహింపవచ్చుననియు, డ్రాగన్ కాదలచినవాడు డ్రాగనే కావచ్చుననియు, కాని పిల్ల డ్రాగనుగా మొదలిడి క్రమముగా ఎదుగవలెననియు దాని తాత్పర్యము. ఒక పుటలో గొలుసు, వేరొక పుటలో తాళపుచెవి! తరువాతి వివాదమంతటికిని బీజములు రెండును ఒకే పెట్టెలో ఉండినవి.

1978లో వచ్చిన ఆటగాండ్ర గ్రంథము గొలుసును మరికొంత బిగించినది. పాలడిన్ అను ధర్మవీరుడు మానవజాతివాడే కావలెను. నడవడి నిష్కళంకమై యుండవలెను. ఇతరులను ఆకట్టుకొను శక్తి పదునేడుకు తగ్గరాదు. మూడు పాచికలు దొర్లించి పదునేడో పదునెనిమిదో రాబట్టుట ఎంత అరుదో లెక్కల ఉపాధ్యాయులకు తెలియును: 216 విధములలో నాలుగు మాత్రమే. స్త్రీపాత్రల దేహబలమునకు పురుషపాత్రలకన్న తక్కువ హద్దు గీసినదియు ఈ గ్రంథమే. 1989 నాటి రెండవ కూర్పులో ఆ గీత చెరిపివేయబడినది. చెరిపినందుకు ఆటకు లోటేమియు రాలేదు. 1979లో నిర్వాహకుల కొఱకు వ్రాసిన గ్రంథమున గైగాక్స్, రాక్షసపాత్రలను కోరు ఆటగాండ్రను గూర్చి ముచ్చటించుచు, వారిలో పెక్కుమంది ఆశించునది ఆ పాత్రల స్వభావమును కాదు, బలమునే అని ఎత్తిపొడిచెను. ఆడువారందరును మానవులే కనుక ఆట మానవులను కేంద్రముగా చేసికొని నడచుటయే సుకరమని ఆయన వాదము. ఎత్తిపొడుపులో నిజము లేకపోలేదు. కాని సుకరమైనదే సరియైనదని ఒప్పుకొన్నచో కవిత్వమెక్కడిది?

ఈ తగవు మన సాహిత్యమునకు కొత్తది కాదు. ధనంజయుడు దశరూపకమున ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు తెగలుగా విభజించెను. పురాణేతిహాసములనుండి గ్రహించినది ప్రఖ్యాతము. కవి తానే అల్లినది ఉత్పాద్యము. రెండును కలసినది మిశ్రము. ఇతిహాసమందలి ఘట్టము రసమునకు అడ్డుపడినచో కవి దానిని విడిచి అనుకూలమైన వేరొక ఘట్టమును కల్పింపవచ్చునని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున ఒప్పుకొనెను. రామాయణాదులవలె రసము సిద్ధమైయున్న కథలలో తన ఇచ్చవచ్చినట్లు కలిపి రసమును చెడగొట్టరాదని కూడ ఆయనయే హెచ్చరించెను. మహాభారతమందలి శకుంతలోపాఖ్యానమున దుర్వాసుని శాపము లేదు, ఉంగరము లేదు. దుష్యంతుడు ఎరిగియే ఎరుగనన్నాడు. కాళిదాసు శాపమును తెచ్చి రాజును కాపాడెను. వ్యాసభారతమున బలరామునకు శశిరేఖయను కూతురే లేదు. అయినను 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చూచి, “ఈ పిల్ల ఎవరి కూతురు?” అని తగవుపెట్టుకొన్న తెలుగువాడు కనబడడు.

అట్లయిన ఆటగాండ్రకు మాత్రము అడ్డేల? ఇక్కడ ఒక భేదమును గమనింపవలెను. కాళిదాసు ఏకాంతమున వ్రాసికొనెను. ఆయన కలమును వేరొకడు లాగుకొనలేదు. బల్లచుట్టు కూర్చున్న ఐదుగురు ఒకే కావ్యమును ఒకేసారి వ్రాయుచున్నారు. ఒకడు యుద్ధపీడితమైన పల్లెలో బీదకమ్మరి కొడుకుగా విషాదముతో మొదలిడగా, వాని ప్రక్కవాడు మాటలాడు కుందేలుగా గంతులిడుచు వచ్చినచో మొదటివాని విషాదము నవ్వులపాలగును. ఒకని స్వేచ్ఛ వేరొకని లోకమును కూల్చవచ్చును. లోకపురాణమును సమర్థించువారి బలమైన వాదము ఇదియే. పురాణము వారికి సంకెల కాదు, ఐదుగురును కలసి నిలుచుటకు నేల.

ఆ నేలను కాపాడుటలో ఎంత తెలివి చూపవచ్చునో తెలిసికొనుటకు టోల్కీన్ కావ్యమును ఆధారముగా చేసికొని నిర్మించిన కంప్యూటరు క్రీడను చూడవలెను. 1954–55లో మూడు సంపుటములుగా వెలువడిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ లోకమున మాంత్రికులు ఐదుగురే. వారును మానవులు కారు. మంత్రవిద్య నేర్చుకొని అట్లయినవారు అంతకన్న కారు. ఒక కార్యముపై సముద్రము దాటి పంపబడిన దివ్యులు. 2007లో ఆ పేరుతోనే వచ్చిన ఆటలోనికి వేలకొలది జనులు ఒకేసారి ప్రవేశింతురు. అందరును గాండాల్ఫులు కాగోరినచో ఆ ఐదుగురి మర్యాద ఏమగును? నిర్మాతలు మాంత్రికవృత్తినే పెట్టలేదు. బదులుగా ప్రాచీనవిద్యలెరిగిన పండితుని పెట్టి, వాని చేతికి కఱ్ఱయు, తోడుగా కాకి, ఎలుగువంటి జంతువులనును ఇచ్చిరి. చూచుటకు మాంత్రికునివలెనే ఉండును. పేరు మాత్రము వేరు.

చికిత్స విషయమున వారి ఉపాయము ఇంకను చక్కనిది. ఇట్టి ఆటలలో సాధారణముగా అర్చకుడు మంత్రము పఠించిన తోడనే గాయము మానును. టోల్కీన్ లోకమున అట్టి సులభవైద్యము లేదు. అందుచే ఆ ఆటలో పాత్రలకు ప్రాణబలమునకు బదులు ‘మొరేల్’, అనగా ధైర్యము, ఏర్పరచిరి. శత్రువు దెబ్బలకు తగ్గునది ధైర్యము. గాయకుడు పాటపాడి తిరిగి నింపునదియు ధైర్యమే. అది పూర్తిగా క్షీణించిన పాత్ర చావదు, రణరంగమునుండి వెనుదిరుగును. పురాణము ఒక ద్వారమును మూయగా, కల్పనాశక్తి గోడలోనుండియే కిటికీ తెరచినది. పాట విని యోధుడు మరల లేచుట, మంత్రము వలన పుండు మానుటకన్న ఎంత అందమైన భావన! ఆ మూసిన తలుపు లేనిచో ఈ కిటికీ ఎవరికిని తోచియుండెడిది కాదు.

అయితే ఆ నిష్ఠ ఎల్లకాలము నిలువలేదు. 2008లో శిలాక్షరములతో పిడుగులు కురిపించు ‘రూన్ కీపర్’ అను వృత్తిని చేర్చగా, గ్రంథమును ప్రేమించు ఆటగాండ్రు పలువురు ముఖము చిట్లించిరి. డ్వార్ఫ్ స్త్రీలు అరుదుగా బయలుదేరుదురనియు, రూపమునను గొంతునను వారిని పురుషులనుండి గుర్తుపట్టలేమనియు టోల్కీన్ అనుబంధమున వ్రాసియుండుటచే, ఆటలో డ్వార్ఫులకు స్త్రీపురుష భేదమునే చూపలేదు. గ్రంథము మాట అక్షరాల నిలిచినది. గడ్డము లేని డ్వార్ఫ్ వనితను కోరిన బాలికకు మాత్రము ఇది సమాధానమగునో కాదో చెప్పుట కష్టము.

ఇక 1984లో మొదలైన ‘డ్రాగన్ లాన్స్’ లోకము. మార్గరెట్ వీస్, ట్రేసీ హిక్మన్ అందలి ప్రధాన కథకులు. అక్కడ మహాప్రళయము తరువాత దేవతలు జనులకు దూరమైరి. నిజమైన అర్చకులు లేరు. రోగము నయముచేయు శక్తి ఎవరికిని లేదు. బంగారముకన్న ఉక్కుకు విలువ యెక్కువ, నాణెములు ఉక్కువి. అర్చకపాత్రను కోరి వచ్చిన ఆటగానికి ఇది పిడుగుపాటే. కాని ఆ లేమియే కథకు ప్రాణము. గోల్డ్ మూన్ అను స్త్రీ దేవతల సత్యమును తిరిగి లోకమునకు తెచ్చుటలో మహిమయున్నదన్నచో, అంతకుముందు ఆ సత్యము లేకపోవుటచేతనే. మాంత్రికులు తెలుపో, ఎరుపో, నలుపో అంగరఖా ధరించి, ప్రాణాంతకమైన పరీక్షకు నిలువవలెను. ఆ పరీక్షయే రెయిస్ట్లిన్ దేహమును శిథిలము చేసి, చర్మమును పసిడిరంగు కావించి, కనుపాపలను ఇసుకగడియారపు రూపమునకు తెచ్చినది. పరీక్షను తీసివేసినచో మిగులునది దగ్గుచుండు ఒక మంత్రగాడు మాత్రమే.

నిషేధమును దాటిన పాత్రలు కూడ ఆ నిషేధము వలననే వెలుగును. ఆర్.ఎ. సాల్వటోర్ 1988లో ‘క్రిస్టల్ షార్డ్’ నవలలో ప్రవేశపెట్టిన డ్రిట్జ్ అను నల్ల ఎల్ఫును పాఠకులు అంతగా ప్రేమించుటకు హేతువేమి? వాని జాతి క్రూరమైనదని పురాణము, వాడు సాధువు. జాతిని విడిచి వచ్చినను ఎండలో నడచు ప్రతి ఊరును వానిని అనుమానముతో చూచును. ఆ కథ చదివిన పిదప ఎన్నియో బల్లలవద్ద నల్ల ఎల్ఫులే కూర్చుండిరి; అందరును సాధువులే, అందరును జాతిబహిష్కృతులే! ప్రహ్లాదుడొక్కడైనపుడు భాగవతకథ; ఇంటికొక ప్రహ్లాదుడు పుట్టినచో హిరణ్యకశిపునకు పని యేమి?

ఇంతవరకు చెప్పినది పురాణపక్షము. ఇందులో దాగిన విషమును కూడ చూడవలసియున్నది. “నీ పుట్టుక ఇది, కనుక నీవు ఈ విద్య నేర్వరాదు” అను మాట భారతము చదివినవారికి వినని మాట కాదు. కుమారాస్త్రవిద్యాప్రదర్శన సభలో కర్ణుని కృపాచార్యుడు కులమడిగెను. నిషాదపుత్రుడైన ఏకలవ్యుని ద్రోణుడు శిష్యునిగా చేకొనలేదు. ఈ ఘట్టములను చదివి కన్ను చెమర్చిన విద్యార్థి, డ్వార్ఫు మాంత్రికుడు కారాదనియు, ఆర్కు జాతి పుట్టుకతోనే దుష్టమైనదనియు శాసించు గ్రంథమును చూచి, “ఇది ఎవరు గీసిన గీత?” అని అడిగినచో ఉపాధ్యాయుడు తల ఎత్తి సమాధానము చెప్పవలెను.

సమాధానము ఏకలవ్యుని కథలోనే దొరకును. ద్రోణుని నిరాకరణము కథలోని నిషేధము. అది అన్యాయము, కాని దాని తరువాత కూడ ఏకలవ్యుడు అడవికి పోయి, మట్టిబొమ్మను గురువుగా నిలుపుకొని, విలువిద్య నేర్వగలిగెను. దానికి మూల్యము బొటనవ్రేలు. నిషేధము కలదు, దానిని దాటుటయు కలదు, దాటినందుకు దండుగయు కలదు. కనుకనే అది కథయైనది. 1978 నాటి గ్రంథమున డ్వార్ఫు మాంత్రికునకు ఈ అవకాశము కూడ లేదు. వానికి నిరాకరించు గురువు లేడు, పోవుటకు అడవి లేదు, మట్టిబొమ్మ లేదు. పట్టికలో వాని గడి ఎదుట ఒక “కాదు” మాత్రము కలదు. లోకములోని జనులు ‘వలదు’ అనుట వేరు, ఆట నియమము ‘లేదు’ అనుట వేరు. మొదటిది పాత్రకు శత్రువునిచ్చును. రెండవది పాత్రనే పుట్టనీయదు. లోకపురాణమును రక్షించుచున్నామనువారు పెక్కుసారులు రక్షించుచుండునది ఈ రెండవదానినే.

పట్టికలోని గడులు క్రమముగా తొలగిపోయినవి. 1997లో టి.ఎస్.ఆర్.ను కొన్న విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2000లో మూడవ కూర్పును వెలువరించుచు, జాతికి వృత్తికి నడుమనున్న అడ్డుగోడలను, మెట్ల హద్దులను ఎత్తివేసినది. జాతినిబట్టి బలబుద్ధులకు కలుపు అదనపు అంకెలను ఆటగాడు తనకు నచ్చిన గుణమునకు చేర్చుకొనవచ్చునని 2020 నాటి అనుబంధగ్రంథము అనుమతించెను. 2024 నాటి ఆటగాండ్ర గ్రంథమున ‘రేస్’ అను మాటయే పోయినది. ఆ అదనపు అంకెలు పుట్టుకనుండి కాక, పాత్ర పెరిగిన పరిసరములనుండియు, చేసిన పనినుండియు వచ్చునని నియమించిరి. ఇది మంచి మార్పు. అయినను దీనివలన పోయినదియు కొంత కలదు. ఎల్ఫునకు, డ్వార్ఫునకు భేదములు ఒకటొకటిగా సన్నగిలిన కొలది, ఆటగాడు ఎన్నుకొనునది చెవుల పొడవును, గడ్డపు పొడవునేమో అను సందేహము కలుగును. తరగతిలో “మీ ఇష్టము వచ్చినదానిపై వ్యాసము వ్రాయుడు” అన్నచో పిల్లలు తెల్లకాగితమును చూచుచు కూర్చుందురు. “వరదలో చిక్కిన బడి, ముగ్గురు విద్యార్థులు, ఒక లాంతరు” అన్నచో కలములు కదలును. ఈ అనుభవము లేని ఉపాధ్యాయుడు ఉండడు.

1985లో గ్రెగ్ స్టాఫర్డ్ రచించిన ‘పెండ్రాగన్’ ఈ సూత్రమును కొసదాక లాగినది. ఆటగాండ్రందరును ఆర్థరు రాజు కాలపు వీరులే. దయ–క్రౌర్యము, సత్యము–వంచన ఇత్యాదిగా పదమూడు జతల గుణములను ప్రతి పాత్రకును అంకెలుగా వ్రాయుదురు. జతలోని రెండంకెలు కలసి ఇరువది. సందర్భము వచ్చినపుడు పాచికలు పడి, “నీ వీరుడు ఇపుడు క్షమింపలేడు” అని చెప్పవచ్చును. ఆటగానికి క్షమింపవలెననియున్నను వీరుని స్వభావము ఒప్పదు! ఇంతటి బంధనమును కోరి తలకెత్తుకొని ఆనందించువారు నేటికిని కలరు.

నిషేధమును కథతోనే కట్టి, కథతోనే విప్పిన ఉదాహరణము ఒకటి ‘వరల్డ్ ఆఫ్ వార్ క్రాఫ్ట్’ అను కంప్యూటరు క్రీడలో కలదు. 2004లో ఆట మొదలైనపుడు పాలడిన్లు ఒక పక్షమువారికే, షామన్లు రెండవ పక్షమువారికే దక్కిరి. 2007లో ఆ గోడ కూలినది. 2010లో ఎద్దురూపము గల టారెన్ జాతికి పాలడిన్ వృత్తిని ఇచ్చుచు, ఆ జాతి అంతవరకు చంద్రునే ఎక్కువగా కొలిచినదనియు, ఇపుడు కొందరు సూర్యుని ఆరాధించుటచే వారికి ఆ తేజస్సు లభించినదనియు కథ అల్లిరి. రాత్రి ఎల్ఫులు పదివేల ఏండ్లనాడు మంత్రవిద్య వలన తమ లోకము బ్రద్దలగుట చూచి దానిని నిషేధించిరి; ఆ విద్యను విడువని పాతవంశమువారు 2010లో తిరిగి వచ్చి తలుపు తట్టినట్లు చెప్పిరి. నిషేధించినందుకు జ్ఞాపకము, సడలించినందుకు కలహము, రెండును మిగిలినవి. 2022లో మంత్రవిద్యతో సహా మూడు వృత్తులను అన్ని జాతులకును తెరచినపుడు మాత్రము కథకన్న సౌకర్యము ముందు నిలిచినది. అన్నట్లు, పురాణమును మార్పరానిదని గట్టిగా వాదించువారికి ఇదే ఆట వేరొక పాఠము చెప్పినది. ఎరెడార్ అను జాతి సార్గెరస్ అను దేవసమానుని చెరచినదని 2002 నాటి పుస్తకము చెప్పగా, 2007 నాటి కథలో సార్గెరసే ఎరెడార్లను చెరచెను! కొత్త జాతిని ఆటగాండ్రకు ఇచ్చుటకై కర్తలే తమ పురాణమును తలక్రిందులు చేసిరి.

2024 నాటి గ్రంథములో విచిత్రమొకటి కలదు. ఆర్కులకు అందు ఆటగాండ్ర పాత్రలుగా స్థానము దొరకినది. 1978 గ్రంథమునుండియు తోడువచ్చిన అర్ధ ఎల్ఫులకు, అర్ధ ఆర్కులకు మాత్రము చోటు లేకపోయినది. డ్రాగన్ లాన్స్ కథలో ప్రధానవీరుడైన టానిస్ అర్ధ ఎల్ఫే. ఎల్ఫులలో మానవుడుగను, మానవులలో ఎల్ఫుగను ఎంచబడి ఏ యింటను పూర్తిగా ఇమడలేకపోవుటయే వాని కథ. పాత కూర్పులలోని జాతులను కోరినవారు కొత్త నియమములతో కలిపి వాడుకొనవచ్చునని సంస్థ అవకాశమిచ్చినది. కనుక 2014 నాటి పాత పుస్తకమును తెరచి, అందులోని అర్ధ ఎల్ఫు పుటను కొత్త కాగితముపైకి ఎక్కించుకొని బల్లవద్దకు వచ్చువారు ఇప్పటికిని వచ్చుచునే యున్నారు.